కర్క్యుమినా, బెర్బెరినా?

ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) తగ్గాలి, షుగర్ అదుపులోకి రావాలి అనుకునేవాళ్లకు మొక్కల నుంచి తీసిన రెండు పదార్థాల పేర్లు తరచూ వినిపిస్తాయి: పసుపు కొమ్ములో ఉండే కర్క్యుమిన్, దారుహరిద్ర వంటి మొక్కల్లో ఉండే బెర్బెరిన్. రెండూ పసుపు రంగువే, పని మాత్రం వేరు. అందుకే ఏ సీసా కొనాలో చూసేముందు, ఏ బాధ తగ్గాలో, రక్తపరీక్షలో ఏ అంకె మారాలో తేల్చుకోవాలి.

షుగర్ విషయంలో బెర్బెరిన్‌దే పైచేయి. అది కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పనిని కాస్త నెమ్మదింపజేసి, ఏఎంపీకే అనే ఎంజైమును చురుకు చేస్తుంది. దాంతో కణాలు గ్లూకోజును ఎక్కువగా వాడుకుంటాయి. షుగరుకు డాక్టర్లు రాసే మెట్‌ఫార్మిన్ ప్రభావంలో కొంత భాగం ఇలాంటిదే. 2008లో వెలువడిన ఒక చైనా అధ్యయనంలో, కొత్తగా టైప్ 2 డయాబెటిస్ బయటపడినవారికి 500 మిల్లీగ్రాముల బెర్బెరిన్ రోజుకు మూడుసార్లు ఇస్తే, మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే అంకె) సగటున 9.5 నుంచి 7.5 శాతానికి దిగింది. కానీ మెట్‌ఫార్మిన్‌తో పోల్చి చూసింది 36 మందిలోనే. దాన్ని నమ్మి డాక్టరు రాసిన మందు మానేయడం చాలా ప్రమాదం.

మోకాళ్ల అరుగుదల నొప్పికైతే కర్క్యుమిన్‌ను పరిశీలించవచ్చు. చిన్న అధ్యయనాలే అయినా, కొంత ఉపశమనం కనిపించింది. దాని చిక్కల్లా ఒంటికి పట్టకపోవడమే. మింగినదాన్ని పేగు గోడ, కాలేయం కలిసి వెంటనే రూపు మార్చి బయటికి పంపేస్తాయి. 1998లో 2 గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపెరిన్, అంటే మిరియాలకు ఘాటునిచ్చే పదార్థం, జోడించి చూస్తే రక్తంలోకి చేరడం 2000 శాతం పెరిగింది. ఈ అంకెను ప్రకటనల్లో గొప్పగా చూపిస్తారు. నన్ను కలవరపెట్టేదీ అదే. పైపెరిన్ ఆ పని చేసేది మందులను విరిచే ఎంజైములను అడ్డుకునే. ఫెనిటాయిన్ (మూర్ఛకు), ప్రొప్రనొలాల్ (బీపీకి) వంటి మందులు కూడా అప్పుడు రక్తంలో పెరుగుతాయి. పైగా పసుపు కొమ్ము నుంచి తీసిన మాత్రలతో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి, వాటిలో కొన్ని పైపెరిన్ కలిపినవి. హెచ్ఎల్ఏ-బి 35:01 అనే జన్యురూపం ఉన్నవారికి ముప్పు ఎక్కువని తేలింది. మాత్రలు వాడుతుండగా మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆపేసి కాలేయ పరీక్ష చేయించుకోవాలి.

బెర్బెరిన్‌కూ ఇలాంటి చిక్కులున్నాయి. విరేచనాలు, మలబద్ధకం మామూలే. అవయవ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్ మోతాదును రక్తంలో పెంచుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దాని జోలికి పోకూడదు: నవజాత శిశువుల్లో కామెర్లను అది ముదరబెట్టగలదు.