ముల్జిం వేరు, ముజ్రిం వేరు

నిజాం జమానాలో నల్లగొండ, పాలమూరు కోర్టు కచేరీలు ఉర్దూలో నడిచేవి. ఆ భాషలో కేసు మీదపడ్డవాడు ముల్జిం, నేరం రుజువైనవాడు ముజ్రిం. మనం తెలుగులో వాడే ‘ముద్దాయి’ కథ ఇంకా తమాషా. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. మన దగ్గరికొచ్చేసరికి పాపం బోనెక్కాడు! ఇప్పుడు పేపర్లు ‘నిందితుడు’ అని జాగ్రత్తగానే రాస్తాయి, చాయ్ హోటల్లో మాత్రం అది ‘నేరస్తుడు’ అనే వినపడుతుంది.

నేరం మోపినవాడే రుజువు చేయాలన్న సూత్రం 1872 నాటి సాక్ష్య చట్టంలోనే ఉండేది. అయితే దానికి ముందటి ఏడాదే, అదే బ్రిటిష్ సర్కారు కొన్ని కులాల్ని పుట్టుకతోనే నేరగాళ్లుగా లెక్కగట్టే చట్టం చేసింది. అది పోవడానికి 1952 దాకా పట్టింది.

ఇంగ్లండులో 1935లో ఒక వ్యవసాయ కూలీ కేసు పై కోర్టుకెక్కింది. తుపాకీ పొరపాటున పేలి భార్య చనిపోయిందని అతని వాదన. పొరపాటని నువ్వే నిరూపించుకోవాలంది కింది కోర్టు. కాదు, ఆ బరువు ప్రాసిక్యూషన్‌దేనని అక్కడి అప్పటి అత్యున్నత కోర్టయిన ప్రభువుల సభ అతన్ని వదిలేసింది. 1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన 11వ అధికరణంలో ఇదే మాట చేరింది.

అప్పటికి పోలీసు చర్య జరిగి మూడు నెలలు. నల్లగొండ పల్లెల్లో మిలిటరీ క్యాంపులున్నాయి. తర్వాత ప్రత్యేక ట్రిబ్యునళ్లు సాయుధ పోరాట కేసుల్లో పన్నెండు మందికి ఉరిశిక్ష వేశాయి. వాళ్ల తరఫున వాదించడానికి లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టరు వచ్చాడు. చివరికి ఉరి తప్పింది.

పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో భారత్ 1979లో చేరింది. నేరం రుజువయ్యేదాకా నిర్దోషే అని అందులో 14వ అధికరణం చెబుతుంది.

2015 ఏప్రిల్ 7న, అప్పటి నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గర, ఆ మాట పోలీసు వ్యాన్‌లో ఆగిపోయింది. వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకుపోతున్న ఐదుగురు విచారణ ఖైదీలు కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు గుంజుకోబోయారని పోలీసులు చెప్పారు. ఫొటోల్లో మాత్రం సీట్లలో ఒరిగిన శవాలకు బేడీలు అలాగే ఉన్నాయి. వాళ్ల మీది ఆరోపణలు చిన్నవేం కావు. కానీ ఆ పొద్దున వాళ్లు పోతున్నది కోర్టుకే కదా.

నాలుగేళ్లకు, పాత పాలమూరు జిల్లాలోని షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి. పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగిన తొమ్మిదో రోజు, 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురు నిందితుల్ని కాల్చేశారు. జనం వచ్చి పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. ఆ కోపం నాకూ అర్థమవుతుంది. పూలే మింగుడు పడలేదు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే కాల్చారంది. నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా చెప్పింది. ఆ తెల్లవారుజామున ఆ కేసులో ఇంకా చార్జిషీటే పడలేదు.