ఫర్మ్ రిజిస్టర్ కాకపోతే దావా ఎందుకు నిలవదు: 69వ సెక్షన్ వెనుక కథ

చెన్నైలో కొత్వాల్ చావడి, షావుకారుపేట చుట్టుపక్కల తెలుగువాళ్ల వాటా వ్యాపారాలు ఎక్కువగా బంధుత్వం మీదే మొదలవుతాయి. బావా బావమరుదులు కలిసి స్టాంపు పేపరు మీద డీడ్ (భాగస్వామ్య ఒప్పందం) రాసుకుంటారు. పాన్ వస్తుంది, జీఎస్టీ నంబరు వస్తుంది. ఇంక కాగితాలన్నీ ఉన్నట్టే అనుకుంటారు. ఇలాంటి వాటా వ్యాపారాలను, అంటే ఫర్మ్‌లను, నమోదు చేసే అధికారి అయిన రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు వేరే పనని చాలామందికి తెలిసేది బకాయి వసూలుకు లాయరును కలిసినప్పుడే.

ఈ చిక్కు 1932 నాటి భాగస్వామ్య చట్టంలోని 69వ సెక్షన్‌తో వచ్చింది. అంతకుముందు భాగస్వామ్యాల సంగతి 1872 కాంట్రాక్టు చట్టంలోనే ఒక అధ్యాయంగా ఉండేది. అప్పిచ్చినవాడు అడిగితే ‘నేను భాగస్వామినే కాను’ అని తప్పించుకునేవాళ్లు. దానికి విరుగుడుగా ఫర్మ్‌ల రిజిస్టరు ఆలోచన వచ్చింది. కొత్త బిల్లును పరిశీలించిన ప్రత్యేక కమిటీలో నెల్లూరు జిల్లాలో పుట్టి మద్రాసు అడ్వకేట్ జనరల్ అయిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కూడా ఉన్నారు. ఇంగ్లండులో లాగా నమోదు తప్పనిసరి చేసి శిక్ష వేస్తే చిన్నాచితకా వ్యాపారాలు తట్టుకోలేవని కమిటీ భావించింది. అందుకే జరిమానా పెట్టలేదు, దావా హక్కుకు మాత్రం నమోదుతో ముడిపెట్టింది. చట్టం 1932 అక్టోబరు 1న అమల్లోకి వచ్చినా, జనం సర్దుకోవడానికి 69వ సెక్షన్‌ను ఏడాది ఆపారు.

నమోదు లేకపోయినా ఫర్మ్ చెల్లుతుంది, వ్యాపారం సాగుతుంది. కానీ కాంట్రాక్టు ప్రకారం రావలసిన డబ్బు కోసం ఆ ఫర్మ్ బయటివాళ్ల మీద దావా వేయలేదు. భాగస్వామి తోటి భాగస్వామి మీదా వేయలేడు. బయటివాళ్లకు మాత్రం ఫర్మ్ మీద వేయడానికి అడ్డేమీ లేదు. నా దృష్టిలో అన్యాయమంతా పెట్టుబడి పెట్టి, లెక్కలు ఇంకొకరికి వదిలేసిన వాటాదారుకే. ఫర్మ్‌ను రద్దు చేయమనో, రద్దయిన ఫర్మ్ లెక్కలు తేల్చమనో అడగడమే అతనికి మిగిలే ప్రధానమైన దారి. చిన్న దావాలకు చట్టం ఇచ్చిన మినహాయింపు 100 రూపాయల వరకే. ఆ అంకె ఇప్పటికీ మారకపోవడం బాధాకరం.

ఆర్బిట్రేటరును (తగువు తీర్చే మధ్యవర్తిని) నియమించమని కోర్టును కోరడానికీ ఈ అడ్డు వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1964లో చెప్పింది. ట్రేడ్‌మార్క్ లాంటి, కాంట్రాక్టుతో సంబంధం లేని హక్కులకు వర్తించదని 2000లో తేల్చింది. భాగస్వాముల మధ్య డబ్బు దావా నిలవదని 2025 జనవరిలో మరోసారి చెప్పింది.

దావా వేశాక నమోదు చేయిస్తే ఆ దావా బతకదు, మళ్లీ కొత్తగా వేయాలి. బకాయిల వసూలుకు సాధారణంగా ఉండే గడువు 3 ఏళ్లే. ఫర్మ్ నమోదై ఉన్నా, మధ్యలో చేరిన భాగస్వామి పేరు రిజిస్టరులో ఎక్కిందో లేదో కూడా కోర్టు చూస్తుంది.