రణరంగం ఇంటి దాకా వచ్చిన తీరు

సూడాన్‌లో నైలు నది ఒడ్డున, జెబెల్ సహబా అనే చోట, 1960లలో ఒక పురాతన శ్మశానాన్ని తవ్వారు. సుమారు 13 వేల ఏళ్ల నాటిది. దొరికిన 61 అస్థిపంజరాల్లో కొన్నింటి ఎముకల్లో రాతి ములుకుల ముక్కలు దిగబడే ఉన్నాయి. గాయపడినవారిలో పిల్లలూ ఉన్నారు. 2021లో మళ్లీ పరిశీలిస్తే, కొందరి ఎముకలపై ఎప్పుడో మానిన గాయాలు, మానకుండానే ప్రాణం పోయిన గాయాలు రెండూ కనిపించాయి. అంటే అది ఒక్కరోజు పోరు కాదు. దాడి, విరామం, మళ్లీ దాడి.

రాజ్యాలు ఏర్పడ్డాక యుద్ధానికి ఒక చోటు, ఒక ముగింపు వచ్చాయి. క్రీ.పూ. 1274 ప్రాంతంలో ఇప్పటి సిరియాలోని కాదేష్ దగ్గర ఈజిప్టు రథాలు, ఇప్పటి టర్కీ ప్రాంతాన్ని ఏలిన హిట్టైట్‌ల రథాలు తలపడ్డాయి. సుమారు పదిహేనేళ్లకు ఆ రెండు రాజ్యాలూ చేసుకున్న సంధి పాఠం నేటికీ మిగిలి ఉంది. యుద్ధమంటే సైన్యాల వ్యవహారమని, ఊళ్లకు దూరంగా జరుగుతుందని మనకున్న ఊహ ఇలాంటి కథల నుంచి వచ్చిందే. అది ఏనాడూ పూర్తిగా నిజం కాదు. 1618 నుంచి 1648 దాకా సాగిన ముప్ఫై ఏళ్ల యుద్ధంలో జర్మన్ ప్రాంతాలను కత్తికంటే కరువు, తెగుళ్లే ఎక్కువగా తుడిచిపెట్టాయి.

నా దృష్టిలో అసలు మలుపు 1793 ఆగస్టు. శత్రువులు చుట్టుముట్టిన ఫ్రాన్స్ విప్లవ ప్రభుత్వం ఒక శాసనం చేసింది. యువకులు పోరాడాలి, పెళ్లయినవారు ఆయుధాలు తయారుచేయాలి, స్త్రీలు గుడారాలు కుట్టాలి, పిల్లలు కట్లకోసం పాత గుడ్డల నుంచి పీచు తీయాలి, ముసలివారు కూడళ్లలో నిలబడి ధైర్యం నూరిపోయాలి. జాతి మొత్తం సైన్యమైంది. గుడారం కుట్టే చేయి కూడా యుద్ధంలో భాగమైతే, ఆ చేతిని శత్రువు ఎందుకు వదిలిపెడతాడు?

తర్వాతి నూటయాభై ఏళ్లూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పాయి. మొదటి ప్రపంచయుద్ధంలో, 1916 జులై 1న ఫ్రాన్స్‌లోని సోమ్ నది దగ్గర ఒక్కరోజులో 19 వేల మందికిపైగా బ్రిటిష్ సైనికులు చనిపోయారు. రెండో ప్రపంచయుద్ధంలోనైతే సైనికులకంటే సామాన్యులే ఎక్కువ మంది చనిపోయారు. వారిని కాపాడేందుకు ప్రత్యేక జెనీవా ఒప్పందం వచ్చింది 1949లో, హిరోషిమా బూడిదయ్యాక.

1964–73 మధ్య లావోస్‌పై అమెరికా 20 లక్షల టన్నులకుపైగా బాంబులు కురిపించింది. అందులో క్లస్టర్ బాంబుల నుంచి రాలిన చిన్న బాంబులు కొన్ని కోట్లు పేలకుండా మట్టిలో ఉండిపోయాయి. వాటిలో చాలావరకు బంతి అంతే ఉంటాయి. యుద్ధం ముగిశాక పుట్టిన పిల్లలు ఆటవస్తువనుకుని వాటిని చేతిలోకి తీసుకున్నారు.