గోరింగ్: కొండల సందులో కుదురుకున్న ఊరు

లండన్ పాడింగ్టన్ స్టేషన్‌లో పడమటికి వెళ్లే రైలెక్కి రెడింగ్ దాటాక, కిటికీకి రెండు వైపులా గుట్టలు మెల్లగా దగ్గరికి జరుగుతాయి. కుడి చేతి వైపువి చిల్టర్న్ కొండలు, ఎడమ చేతి వైపువి బర్క్‌షైర్ డౌన్స్. వాటి మధ్య సన్నటి సందు. థేమ్స్ నది, రైలు పట్టాలు ఆ సందులోనే ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతాయి. సందు మధ్యలో, నదికి తూర్పు ఒడ్డున ఉన్న ఊరు గోరింగ్. అవతలి ఒడ్డున ఉన్నది స్ట్రీట్లీ.

2011 జనాభా లెక్కల ప్రకారం గోరింగ్‌లో ఉన్నది 3,187 మంది. మన వైపు ఇది ఓ మోస్తరు పల్లె. ఇంగ్లండ్‌లో మాత్రం దీన్ని పెద్ద ఊరనే అంటారు. పాప్ గాయకుడు జార్జ్ మైకేల్ ఇల్లు ఇక్కడే ఉండేది, 2016 క్రిస్మస్ నాడు ఆయన పోయింది కూడా ఆ ఇంట్లోనే. అప్పటిదాకా ఈ ఊరి పేరు వినని వాళ్లు కూడా ఆ రోజు విన్నారు. కానీ నాకు ఈ ఊరి మీద ఆసక్తి కలిగింది అందుకు కాదు, దాని కింద ఉన్న రాయి వల్ల.

ఆ రాయి సుద్ద. బడిలో బోర్డు మీద రాసిన సీమసుద్ద లాంటిదే, కాకపోతే వందల మీటర్ల మందం. సుమారు 10 కోట్ల ఏళ్ల నుంచి 6.6 కోట్ల ఏళ్ల కిందటి దాకా ఈ ప్రాంతమంతా వెచ్చటి సముద్రం. కంటికి కనిపించనంత చిన్న నాచుజీవుల సున్నపు పెంకులు అడుగున పేరుకుని, గట్టిపడి ఈ రాయి అయింది. దాని మధ్యలో అక్కడక్కడా చకుముకి రాళ్లు ముద్దలు ముద్దలుగా దొరుకుతాయి. తర్వాత నేల పైకి లేచి సముద్రం పోయింది, సుద్ద పొరలు పొడవాటి కొండ వరసగా మిగిలాయి.

ఇక్కడే ఓ చిక్కు ప్రశ్న ఉంది. నీరు పల్లానికి పోతుంది. మరి ఎదురుగా అడ్డంగా ఉన్న కొండను చుట్టి పోకుండా థేమ్స్ మధ్యలోంచి ఎలా చీల్చుకుని పోయింది? పాపికొండల దగ్గర లాంచీలో వెళ్లిన వాళ్లకు గోదావరిని చూసి ఇదే అనుమానం వచ్చి ఉంటుంది.

గోరింగ్ విషయంలో చాలామంది చెప్పే కథ ఒకటుంది. మంచుయుగంలో పెద్ద హిమఖండం అడ్డొచ్చి, వెనక నీరు చెరువులా నిండి, పొంగి, ఈ కొండను తెగ్గొట్టుకుని దూకిందట. వినడానికి బాగుంది, సినిమా సీన్ లాగా ఉంది. కానీ నిలవదు. ఎందుకు నిలవదో చెప్పేవి గులకరాళ్లు.

ఎసెక్స్, సఫోక్ జిల్లాల్లో, అంటే ఇక్కడికి చాలా దూరంగా తూర్పున, పాత నది పరిచిన కంకర పొరలున్నాయి. ఆ కంకరలో నునుపుదేలిన క్వార్ట్‌జైట్ అనే గట్టి రాళ్లు దొరుకుతాయి. అలాంటి రాయి ఆ చుట్టుపక్కల పుట్టదు. అది ఉన్నది కొండకు ఇవతల, మిడ్‌లాండ్స్ అనే మధ్య ఇంగ్లండ్ వైపు. అంటే ఆ రాళ్లను ఏదో నది సుద్ద కొండను దాటించి అక్కడికి దొర్లించుకుపోయింది. దారి ఏది? ఈ సందే. ఆ కంకర వయసు చూస్తే హిమఖండం రాకకు చాలా ముందుది. కాబట్టి మంచు వచ్చేసరికే నది ఇక్కడ పారుతోంది, సందు ఉంది.

అసలు జరిగింది ఇంకా నిదానమైన పని. నేల లక్షల ఏళ్ల పాటు కొద్దికొద్దిగా పైకి లేస్తూ ఉంది. నది అప్పటికే అక్కడ పారుతోంది కనుక, నేల లేచినకొద్దీ అది కిందికి కోసుకుంటూ పోయింది. రంపాన్ని ఒకేచోట ఆడిస్తూ కలపను కింది నుంచి పైకి నెడితే ఎలా తెగుతుందో అలాగన్నమాట. థేమ్స్ లోయలో ఒకదానికన్నా ఒకటి ఎత్తులో మెట్లలా కనిపించే కంకర మిట్టలు ఆ కోతకు గుర్తులు. అన్నిటికంటే పై మెట్టు అన్నిటికంటే పాతది.

అలాగని హిమఖండం ఏమీ చేయలేదని కాదు. సుమారు 4.5 లక్షల ఏళ్ల కిందట అది దిగువన హెర్ట్‌ఫర్డ్‌షైర్ దాకా వచ్చి నది దారిని మూసేసింది. అంతవరకు థేమ్స్ గోరింగ్ దాటాక ఈశాన్యానికి తిరిగి, ఎసెక్స్ మీదుగా సముద్రంలో కలిసేది. దారి మూసుకుపోయేసరికి దక్షిణానికి తప్పుకుని ఇప్పుడున్న బాట పట్టింది. లండన్‌కు థేమ్స్ ఆ మంచు పెట్టిన భిక్షే. గోరింగ్‌కు మాత్రం కాదు.

సందు ఉన్నచోటికి మనుషులు రాక తప్పదు. కొండ నడినెత్తి మీదుగా సాగే రిడ్జ్‌వే అనే పురాతన కాలిబాట నదిని దాటేది ఇక్కడే. స్ట్రీట్లీ అంటే వీధి పక్కన చెట్లు కొట్టి చదును చేసిన చోటు. ఇక్కడ ‘వీధి’ అంటే రోమన్ల కాలపు రోడ్డు. గోరింగ్ అంటే గారా అనే అతని మనుషుల ఊరు. ఎదురెదురుగా ఉన్నా రెండూ ఎప్పుడూ ఒకటి కాలేదు. ఇప్పటికీ గోరింగ్ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, స్ట్రీట్లీ బర్క్‌షైర్‌లో ఉన్నాయి. ఇంగ్లండ్ చిన్న చిన్న రాజ్యాలుగా ఉన్న కాలంలో మెర్సియా, వెసెక్స్ అనే రెండు రాజ్యాలకు మధ్య సరిహద్దుగా నిలిచిన నది కదా ఇది.

అప్పట్లో మధ్యలో వంతెన లేదు, పడవ రేవే దిక్కు. 1674 జూలైలో గోరింగ్ తిరునాళ్లకు వచ్చిన స్ట్రీట్లీ వాళ్లు సాయంత్రం పడవెక్కి ఇంటికి బయల్దేరారు. పడవ ఆనకట్టకు మరీ దగ్గరగా పోయి బోల్తా పడింది. దాదాపు 60 మంది మునిగిపోయారు. అంత చిన్న ఊళ్లో 60 మంది అంటే ఏడవని ఇల్లు ఎన్ని మిగిలి ఉంటాయి?

ఆ ఆనకట్ట పిండిమర కోసం కట్టింది. మరకు నీరు నిలవాలి, సరుకు పడవలకు నీరు వదలాలి. ఈ తగువుకు అప్పట్లో ఉన్న పరిష్కారం మొరటుది. ఆనకట్టలో ఒకచోట చెక్కపలకలు తీసేస్తారు, నీరు ఒక్కసారిగా దూకుతుంది, ఆ ఉరవడి మీదే పడవ కిందికి జారిపోవాలి. పైకి వెళ్లాల్సిన పడవను తాళ్లు కట్టి లాగాలి. 1787లో ఇక్కడ రెండు జతల తలుపుల లాకు కట్టాక ఈ సాహసం తప్పింది. గోదావరి, కృష్ణా డెల్టాల వాళ్లకు లాకులంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. తలుపులు మూసి, నీటిమట్టం పెంచి, పడవను మెట్టెక్కించినట్టు ఎక్కించడం. గోరింగ్ లాకు నుంచి ఎగువనున్న క్లీవ్ లాకు కిలోమీటరు దూరమే. ఆ తర్వాతి లాకు కోసం మాత్రం 10 కిలోమీటర్లు పోవాలి. వంతెన రావడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. 1837లో వేశారు, దాటడానికి సుంకం కట్టాలి. ఇప్పుడున్నది 1923 నాటిది.

వెనువెంటనే 1840లో రైలొచ్చింది. ఇంజనీరు బ్రూనెల్‌కు కూడా కొండ దాటడానికి ఇంతకంటే సులువైన దారి దొరకలేదు. సందులో నది మెలికలు తిరుగుతుంది, రైలు తిరగలేదు. అందుకే గేట్‌హాంప్టన్ దగ్గర ఒకటి, మౌల్స్‌ఫర్డ్ దగ్గర ఒకటి, రెండు ఇటుక వంతెనలు కట్టి నదిని రెండుసార్లు దాటించాడు. వాటి మీద ఇప్పటికీ రైళ్లు పరుగెడుతున్నాయి. ఈమధ్య ఆ లైనుకు కరెంటు వేసినప్పుడు ఇనుప స్తంభాలు లోయ అందాన్ని పాడు చేస్తున్నాయని ఊరివాళ్లు గట్టిగానే గొడవ చేశారు. బ్రూనెల్ కట్టినవి మాత్రం ఇప్పుడు అందంలో భాగమైపోయాయి.

ఊరు దాటి తూర్పున కొండెక్కితే కథ తిరగబడుతుంది. కింద అంత నీరుంది, పైన చుక్క దొరకదు. సుద్ద స్పాంజి లాంటిది. పడిన వాన పడినట్టే లోపలికి ఇంకిపోతుంది, ఎక్కడో అడుగున నిలుస్తుంది. కొండ మీది స్టోక్ రో అనే ఊరివాళ్లు వాన నీటి గుంటల మీదే బతికేవారు. పక్కనే ఉన్న ఇప్స్‌డెన్‌లో పుట్టిన ఎడ్వర్డ్ రీడ్ మన దేశంలో ఇంగ్లీషు అధికారిగా పనిచేశాడు. ఇంట్లో మిగిలిన కాసిని నీళ్లు తాగేసినందుకు తల్లి చేత దెబ్బలు తిన్న ఓ పిల్లాడి సంగతి ఆయన కాశీ రాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌కు చెప్పాడట. రాజు అది మర్చిపోలేదు. సొంత డబ్బుతో స్టోక్ రోలో బావి తవ్వించాడు.

నాలుగడుగుల వెడల్పు, 368 అడుగుల లోతు, అంతా చేత్తో తవ్విందే. నీరు అంత లోతున గానీ పడలేదు. 1864లో తెరిచారు. పైన గుమ్మటం, కింద బంగారు రంగు ఏనుగు బొమ్మ. బావి ఖర్చులకు ఆదాయం రావాలని పక్కనే చెర్రీ తోట వేసి దానికి ‘ఇశ్రీ బాగ్’ అని పేరు పెట్టారు. తోటలో చేప ఆకారంలో ఓ చిన్న కొలను తవ్వారు. దాని పేరు మత్స్య.