ఫోన్ మోగితే బంకు పేలుతుందా? అపోహలు - వాస్తవాలు

పెట్రోల్ బంకుల్లో ఎర్తింగ్, వైరింగ్, పంపుల లోపలి విద్యుత్ పరికరాలు సరిగా ఉన్నాయో లేదో చూడటం నా పని. ఈ సంగతి తెలియగానే ఎవరైనా మొదట అడిగేది ఒకటే: "ఫోన్ మాట్లాడితే నిజంగా బంకు పేలిపోతుందా అండీ?" పేలదు అంటే కొందరు నిరాశపడతారు, కొందరు నన్నే అనుమానంగా చూస్తారు. "మరి బోర్డు ఎందుకు పెట్టినట్టు?" అని ఎదురడుగుతారు. ఆ రెండోదే అసలు ప్రశ్న. దాని దగ్గరికి వస్తాను.

ముందు అక్కడ మండేది ఏమిటో చూద్దాం. పెట్రోలు ద్రవరూపంలో మండదు, మండేది దాని ఆవిరి. సుమారు మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అది అంటుకోగలిగినంత ఆవిరిని వదులుతూనే ఉంటుంది. అయితే గాలిలో ఆ ఆవిరి దాదాపు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడే మంట పుడుతుంది. తగ్గితే ఇంధనం చాలదు, మించితే గాలి చాలదు. పైగా అది గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి లేచి పోదు, ట్యాంకు మూతి నుంచి కిందికి జారి నేలమీద పరుచుకుంటుంది. దాన్ని అంటించడానికి కావలసిన నిప్పురవ్వ మాత్రం చాలా చిన్నది. మిల్లీజౌల్‌లో (శక్తిని కొలిచే జౌల్‌లో వెయ్యో వంతు) నాలుగో వంతు శక్తి ఉంటే చాలు. ఈ అంకెతో ఇంకా పని ఉంది, గుర్తుపెట్టుకోండి.

అపోహ: ఫోన్ సిగ్నల్ తరంగాలే పెట్రోలును అంటిస్తాయి

వాస్తవం: తరంగాలు గాలిలో పోతూ పోతూ ఆవిరిని అంటించలేవు. దగ్గర్లో ఉన్న లోహపు వస్తువేదో యాంటెన్నాలా పనిచేసి ఆ శక్తిని పట్టుకోవాలి. అందులో ఎక్కడో సన్నని సందు ఉండాలి. ఆ సందులో రవ్వ పుట్టాలి. పెద్ద ట్రాన్స్‌మిటర్ల దగ్గర్లో ఉన్న రిఫైనరీల్లో, పొడవాటి క్రేన్ల విషయంలో ఈ ప్రమాదాన్ని మేము నిజంగానే లెక్కలు కట్టి చూస్తాం. చేతిలో ఇమిడే ఫోన్‌కు అంత బలం లేదు. పేలుడు వాతావరణంలో వాడే పరికరాలకు ఐఈసీ 60079-0 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పెట్రోలు ఆవిరి లాంటి వాయువుల గుంపుకు అది రేడియో శక్తి హద్దును 6 వాట్లుగా పెట్టింది. పాత 2జీ ఫోన్ గట్టిగా పనిచేసిన క్షణంలో 2 వాట్లు. ఇప్పటి 4జీ ఫోన్ గరిష్ఠంగా 0.2 వాట్ల దగ్గర ఆగిపోతుంది.

మరి ఈ భయం ఎక్కడిది? మా రంగంలో పాత నియమం ఒకటుంది. ఆవిరి ఉండే అవకాశమున్న చోటును జోన్‌గా గుర్తిస్తాం. ఆ జోన్‌లోకి దానికి తగ్గ సర్టిఫికెట్ లేని విద్యుత్ పరికరం ఏదీ రాకూడదు. టార్చిలైటు, కెమెరా, వాకీటాకీ, ఏదైనా సరే. మొబైల్ వచ్చాక అదీ ఆ జాబితాలో చేరింది. తయారీ కంపెనీలు కూడా మాన్యువల్‌లో ఒక వాక్యం రాసేసి చేతులు దులుపుకున్నాయి. "దీనికి సర్టిఫికెట్ లేదు" అన్న మాట జనం నోట్లో పడి "దీనివల్ల పేలుతుంది" అయి కూర్చుంది.

అపోహ: ఇలాంటి ప్రమాదాలు బోలెడు జరిగాయి, వీడియోలు కూడా ఉన్నాయి

వాస్తవం: ఫోన్ వల్లే అని దర్యాప్తులో తేలిన ప్రమాదం ఒక్కటి కూడా నేను చూడలేదు. షెల్ కంపెనీ హెచ్చరిక అంటూ మూడు ప్రమాదాల కథలతో ఒక ఈమెయిల్ చాలా ఏళ్లు చక్కర్లు కొట్టింది. అది తమది కాదని ఆ కంపెనీయే చెప్పుకోవాల్సి వచ్చింది. 2001లో అమెరికాలోని ఓక్లహోమా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ విషయం పరిశీలించి, ముప్పు పట్టించుకోనంత తక్కువ అని తేల్చారు. 2004లో న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ పాల్ట్స్‌లో పెట్రోలు పోసుకుంటున్న యువకుడి ఫోన్ మోగడం, మంట రావడం ఒకేసారి జరిగాయి. మొదట ఫోనే కారణమన్న అగ్నిమాపక అధికారి, వివరాలు చూశాక ఆ మాట వెనక్కి తీసుకుని స్టాటిక్ విద్యుత్తు (రాపిడి వల్ల ఒంటిమీద చేరే విద్యుత్తు) వైపు వేలు చూపించారు. అయితే వార్తగా ఊరంతా తిరిగింది మొదటి మాటే.

ఆ సీసీ కెమెరా వీడియోలు మీ దగ్గరికి వచ్చినప్పుడు ఫోన్‌ను వదిలేసి మనిషిని చూడండి. నాజిల్ పెట్టి వదిలేస్తాడు. కార్లోకి వెళ్లి కూర్చుంటాడు. మళ్లీ దిగి తలుపు కూడా ముట్టుకోకుండా నేరుగా నాజిల్ మీద చెయ్యి వేస్తాడు. భగ్గుమంటుంది.

అపోహ: ఫోన్ ఆపేశాను కాబట్టి ఇక టెన్షన్ లేదు

వాస్తవం: నన్ను అన్నిటికంటే కంగారుపెట్టేది ఇదే, ఎందుకంటే అసలు దొంగ మన ఒంటిమీదే ఉంటాడు. సీటు మీద జరిగి దిగినప్పుడు బట్టకూ సీటుకూ రాపిడి జరిగి శరీరం మీద విద్యుదావేశం చేరుతుంది. సింథటిక్ బట్టలు, రబ్బరు అడుగు చెప్పులు, పొడిగాలి తోడైతే మరీను. ఇలా కొన్ని వేల వోల్టులు చేరడం పెద్ద విశేషమేమీ కాదు.

ఇప్పుడు ఇందాకటి అంకె తీయండి. మనిషి శరీరాన్ని సుమారు 150 పికోఫారడ్ల కెపాసిటర్ (విద్యుదావేశాన్ని దాచుకునే పరికరం, దాని సామర్థ్యానికి కొలత పికోఫారడ్) అనుకుంటే, 5,000 వోల్టుల దగ్గర అందులో దాచిన శక్తి దాదాపు 2 మిల్లీజౌళ్లు. ఆవిరి అంటుకోవడానికి కావలసినది పావు మిల్లీజౌల్. అంటే ఏడెనిమిది రెట్లు ఎక్కువ. తలుపు హ్యాండిల్ ముట్టుకుంటే చురుక్కుమనడం మనకు తెలియాలంటేనే దాదాపు 3,000 వోల్టులు ఉండాలి. చురుక్కుమన్నదంటే ఆ రవ్వ పెట్రోలుకు సరిపోయేదే అన్నమాట. అది తలుపు దగ్గర పడితే నష్టం లేదు, నాజిల్ దగ్గర పడకూడదు.

అమెరికాలో పెట్రోలియం ఎక్విప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ వారు ఇంధనం నింపేటప్పుడు జరిగిన స్టాటిక్ మంటల వివరాలను వందకు పైగా సేకరించారు. వాటిలో చాలావాటిలో కనిపించేది ఒకే వరస: సెల్ఫ్ సర్వీస్ బంకు, మధ్యలో మళ్లీ కారెక్కడం, దిగి నాజిల్ పట్టుకోవడం. ఫోన్ వల్ల జరిగినవి మాత్రం లేవు.

కాబట్టి నాజిల్ పెట్టాక మళ్లీ కారెక్కకండి. ఎక్కక తప్పకపోతే, దిగగానే ట్యాంకు మూతికి దూరంగా కారు బాడీ లోహాన్ని ఒట్టి చేత్తో ఒకసారి తాకండి. క్యానులో పోయించుకునేటప్పుడు దాన్ని నేలమీద పెట్టి, నాజిల్‌ను క్యాను అంచుకు ఆనించి ఉంచాలి. పికప్ వాహనాల వెనక తొట్టిలో పరిచిన ప్లాస్టిక్ పొర మీద క్యాను పెట్టి నింపితే మంటలొస్తున్నాయని అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ 1998లోనే హెచ్చరించింది. నేల ఆవేశాన్ని లాగేసుకుంటుంది, ప్లాస్టిక్ దాన్ని పోనివ్వదు.

ఒకవేళ ట్యాంకు మూతి దగ్గర మంట వస్తే నాజిల్ బయటికి లాగకండి. ఇది ఎంత చెప్పినా తక్కువే. కంగారులో అందరి చెయ్యీ దాని మీదికే పోతుంది. లాగితే మండుతున్న పెట్రోలు మీ మీద, నేల మీద చిమ్ముతుంది. లోపలే వదిలేస్తే మంట మూతి దగ్గర ఉంటుంది, ఎమర్జెన్సీ స్విచ్ నొక్కితే పంపు ఆగుతుంది. దూరంగా జరిగి సిబ్బందిని పిలవండి.

అపోహ: ఫోన్ కింద పడితే బ్యాటరీ రవ్వకు ఆవిరి అంటుకుంటుంది

వాస్తవం: ఊహకు అందని విషయమేమీ కాదు, జరిగే అవకాశం మాత్రం బాగా తక్కువ. సుమారు నాలుగు వోల్టుల బ్యాటరీ అది. సరిగ్గా ఆవిరి చిక్కగా ఉన్న చోటే పడాలి, అక్కడే విరగాలి, అప్పుడే రవ్వ రావాలి. కారు స్టార్టర్ మోటారులో పుట్టే రవ్వలు దీనికంటే ఎన్నో రెట్లు పెద్దవి. కారు బంకులోనే స్టార్ట్ చేసుకుని వెళ్తున్నాం కదా. (నింపేటప్పుడు ఇంజన్ ఆపమనేది అందుకే. ఆ బోర్డుతో నాకు ఏ పేచీ లేదు.)

అపోహ: సిగరెట్టు, ఫోన్ రెండూ ఒకే తప్పు

వాస్తవం: కావు. ఇందులో ఒక వింత కూడా ఉంది. అమెరికాలో ఆయుధాలు, పేలుడు పదార్థాల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ ఏటీఎఫ్‌కు చెందిన అగ్నిపరిశోధన ప్రయోగశాలలో వెలుగుతున్న సిగరెట్లను వేలసార్లు పెట్రోలు ఆవిరికి చూపించినా ఒక్కసారి కూడా అంటుకోలేదు. ఇది చదివి ఎవరైనా సిగరెట్టుతో బంకుకు వెళ్తారేమోనని భయంగానే రాస్తున్నాను. సిగరెట్టు దానంతటదే వెలగదు, లైటరో అగ్గిపుల్లో కావాలి. ఆ మంటకు ఆవిరి ఒక్క క్షణం కూడా ఆగదు.

అపోహ: ఫోన్ వల్ల పంపు మీటరు తప్పు చూపిస్తుంది

వాస్తవం: పంపు ఎలక్ట్రానిక్స్‌ను రేడియో తరంగాల మధ్య పెట్టి పరీక్షించాకే వాడకానికి ఒప్పుకుంటారు. కొలత మీద అనుమానం ఉంటే కొలపాత్రలో పోయించి చూడమని అడగండి.

అయితే బోర్డు తీసేయొచ్చు కదా?

వద్దు. మీ ఫోన్ ఆ జోన్ కోసం చేసింది కాదు, ఆ మాట ఇప్పటికీ నిజమే. అసలు కారణం అంతకంటే మామూలుది. ఫోన్‌లో మాట్లాడే మనిషికి చేతిలో నాజిల్ ఉన్న సంగతి గుర్తుండదు. పొంగిపొర్లినా చూడడు, నాజిల్ ట్యాంకులో ఉండగానే బండి కదిపేస్తాడు. నేలమీద పెట్రోలు పడితే కింద ఆవిరి పరుచుకుంటుంది, అప్పుడు ఎవరి ఒంటిమీది రవ్వ అయినా చాలు. ఫోన్‌తో డబ్బు కట్టాలంటే నాజిల్ తిరిగి పంపులో పెట్టాక, నాలుగడుగులు పక్కకు జరిగి కట్టండి. ఎంత నిండిందో చూద్దామని ఫోన్ టార్చి వేసి ట్యాంకు మూతిలోకి వంగేవాళ్లను మాత్రం నేను ఆపుతాను. సరిగ్గా ఆవిరి బయటికొచ్చే చోటికి ఫోన్‌నూ, ముఖాన్నీ కలిపి తీసుకుపోతున్నారు.

ట్యాంకర్ వచ్చి భూగర్భ ట్యాంకుల్లోకి లోడు దించేటప్పుడు నా ఫోన్ బంకు ఆఫీసు బల్లమీదే ఉంటుంది. అప్పుడు భూగర్భ ట్యాంకుల్లోని ఆవిరి పెద్ద మొత్తంలో కదులుతుంది, జోన్ కూడా విస్తరిస్తుంది. ట్యాంకర్‌కు ఎర్తింగ్ క్లిప్పు తగిలించారా లేదా అని చూడటానికి నాకు రెండు కళ్లూ కావాలి.

నన్ను అడిగితే, గీత కొట్టిన ఫోన్ బొమ్మ పక్కనే అంతే పెద్దగా ఇంకో బొమ్మ వేయిస్తాను: నాజిల్ ట్యాంకులో ఉండగా తలుపు తీసి మళ్లీ కారెక్కుతున్న మనిషి, అతని మీద ఎర్ర గీత.