గడ్డి దుబ్బులా కనిపించే పైన్ మొక్క

అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో, వర్జీనియా నుంచి తూర్పు టెక్సాస్ వరకు ఉన్న ఇసుక నేలలలో పెరిగే లాంగ్‌లీఫ్ పైన్ పెద్దయ్యాక నూరడుగులకు చేరువవుతుంది. అయినా మొదటి కొన్నేళ్లు దాని పసిమొక్కను చూసి చెట్టు మొక్క అని పోల్చుకోవడం కష్టం. కాండం కనిపించదు, అడుగు పొడవుండే సూదుల్లాంటి ఆకులు నేలలోంచే పుట్టినట్టు గుబురుగా ఉంటాయి. అటవీశాస్త్రజ్ఞులు దీనిని ‘గడ్డి దశ’ అంటారు. ఇది సాధారణంగా రెండు మూడేళ్లు ఉంటుంది. చుట్టూ కలుపు దట్టంగా ఉంటే పదేళ్లు దాటినా ముగియకపోవచ్చు.

ఈ కాలమంతా మొక్క తన శక్తిని కిందికి మళ్లిస్తుంది. తల్లివేరు లోతుకు దిగి, లావెక్కి, ఆహారాన్ని నిల్వ చేసుకుంటుంది. నేలను ఆనుకొని ఉన్న కాండం మొదలు సుమారు ఒక అంగుళం లావైన తరువాతే మొక్క పైకి లేస్తుంది, లేచాక వేగంగా ఎదుగుతుంది. కాబట్టి ఈ మొక్కను పెంచేవారు చూసుకోవలసింది ఎత్తును కాదు, మొదలు లావును. ఎదగడం లేదని తొందరపడి ఎరువు వేస్తే అది ఎక్కువగా చుట్టూ ఉన్న కలుపుకే బలమిస్తుంది.

నాటేటప్పుడు అసలు జాగ్రత్తంతా మొగ్గ విషయంలోనే ఉంది. కాండం లేనందున మొగ్గ నేల మట్టానికే ఉంటుంది. లోతుగా నాటినా, వాన నీటితో కొట్టుకొచ్చిన మట్టి పైన పేరుకున్నా మొగ్గ పూడిపోయి మొక్క చనిపోతుంది. అందుకే నర్సరీ ట్రేలలో పెంచిన మొక్కను వేరు చుట్టూ ఉన్న మట్టిముద్ద పైభాగం కొద్దిగా బయటికి కనిపించేలా నాటడం మేలు. నీడ దీనికి పడదు, పూర్తి ఎండ కావాలి. జార్జియా, నార్త్ కెరొలైనాలలో స్థిరపడి పెరట్లో ఈ మొక్క నాటాలనుకునే తెలుగు కుటుంబాలు నీరు పోయడం కన్నా కలుపు తీయడం మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

అడవిలో ఆ కలుపు తీసే పని నిప్పుది. ఈ చెట్టు పుట్టి పెరిగిన అడవులు పిడుగుల వల్ల, ఆదివాసులు పెట్టిన మంటల వల్ల కొన్నేళ్లకోసారి నేల మట్టాన కాలుతూ ఉండేవి. గడ్డి దశలో ఉన్న మొక్క మీదుగా అలాంటి మంట సాగినప్పుడు బయటి ఆకుల కొసలు కాలుతాయి కానీ, పచ్చి ఆకుల దట్టమైన గుబురు మధ్య, తెల్లటి పొలుసులు కప్పుకున్న మొగ్గకు వేడి అంతగా చేరదు. తరువాత వేరులోని నిల్వతో కొత్త ఆకులు వస్తాయి. మంట వల్ల మరో మేలూ ఉంది. ఆకులపై గోధుమరంగు మచ్చలు తెచ్చే ఒక శిలీంధ్ర వ్యాధి ఈ మొక్కలను ఏళ్ల తరబడి ఎదగనివ్వదు. చలికాలంలో పెట్టిన మంట వ్యాధి సోకిన ఆకులను కాల్చివేసి దానిని అదుపులో ఉంచుతుంది.

యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన అటవీశాస్త్రజ్ఞుడు హెచ్. హెచ్. చాప్‌మన్ లూసియానాలో చేసిన పరిశీలనల ఆధారంగా 1926లో ఈ సంగతులను వివరించారు. నిప్పు అడవికి శత్రువని గట్టిగా నమ్మిన ఆ రోజులలో అలా చెప్పడానికి ధైర్యం కావాలి. అయినా మంటలను ఆర్పే విధానమే దశాబ్దాల పాటు నడిచింది. కలప కోసం నరికివేత, సాగుకోసం భూముల మార్పిడి, లేత వేర్లను తవ్వి తినే పందులు కూడా తోడై, ఒకప్పుడు దాదాపు 9 కోట్ల ఎకరాలలో ఉన్న ఈ అడవులు 34 లక్షల ఎకరాలకు కుదించుకుపోయాయి. ఇప్పుడు వీటిని పునరుద్ధరిస్తున్నవారు మొక్కలు నాటడంతో పాటు మంటలను కూడా ప్రణాళిక ప్రకారం పెడుతున్నారు.

అయితే నిప్పుకు సమయం తప్పకూడదు. విత్తనం మొలిచిన తొలి ఏడాదిలో మంట వస్తే మొక్క బతకదు. గడ్డి దశ ముగిసి కాండం ఒకటి నుంచి మూడు అడుగుల ఎత్తులో ఉన్నప్పుడూ ప్రమాదమే. గుబురు రక్షణ పోయి, బెరడు ఇంకా మందం కాక, మొగ్గ సరిగ్గా మంట అందే ఎత్తులో ఉంటుంది. మొక్కలలో ఎక్కువ భాగం ఆ ఎత్తు దాటేవరకు అక్కడ నిప్పు పెట్టకుండా ఆగడమే మంచిది.