ఎంపీకి ఓటేయొచ్చు, కాలేజీ ప్రెసిడెంటుకు వేయలేరు

అడ్మిషన్లు అయిపోయి క్లాసులు కుదురుకునే వేళకు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక పాత డిమాండ్ మళ్లీ లేస్తుంది. విద్యార్థి సంఘాలకు ఎన్నికలు పెట్టమని. ఈసారీ లేచింది. వినతిపత్రాలు, గేటు దగ్గర బైఠాయింపులు, టీవీ చర్చలు అన్నీ మామూలే. అవతలి నుంచి వచ్చే జవాబూ కొత్తదేం కాదు. పిల్లలు సమాజాన్ని తెలుసుకోవాలని మేమూ కోరుకుంటున్నాం, అందుకు ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ఉంది, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ ఉంది, ఓటర్ల క్లబ్బులున్నాయి, మళ్లీ ఈ ఎన్నికల గొడవ ఎందుకు అంటారు అధికారులు.

ఈ పేచీ ఎక్కడ మొదలైందో చెప్పడానికి క్విట్ ఇండియా రోజుల నుంచి ఎత్తుకోనక్కర్లేదు. విశాఖ ఉక్కు, 1969 తెలంగాణ, జై ఆంధ్ర ఉద్యమాల్లో విద్యార్థులు ఏం చేశారో ఇక్కడ తెలియని ఇల్లు లేదు. నన్నడిగితే కథంతా 1988, 89ల దగ్గరే ఉంది.

1988 డిసెంబరులో పార్లమెంటు 61వ రాజ్యాంగ సవరణను ఆమోదించింది. ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. 1989 మార్చి 28న అది అమల్లోకి వచ్చింది. ఆ నవంబరులోనే లోక్‌సభకూ, ఆంధ్రప్రదేశ్ శాసనసభకూ కలిపి ఎన్నికలు జరిగాయి. డిగ్రీ మొదటి, రెండో సంవత్సరాల పిల్లలు తొలిసారి వేలికి సిరా పెట్టించుకున్నారు. రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, ఢిల్లీలోనూ మారింది. ఆ మార్పులో వాళ్ల ఓటూ ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడి యూనివర్సిటీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాయి. ఉస్మానియాలో 1988 తర్వాత ఎన్నికలతో ఏర్పడిన సంఘం లేదు. దేశాన్ని ఎవరు ఏలాలో చెప్పే వయసు వచ్చిందని ఒక చేత్తో అన్నారు, హాస్టల్ మెస్ గురించి వీసీతో ఎవరు మాట్లాడాలో ఎన్నుకునే పెద్దరికం మాత్రం లేదని ఇంకో చేత్తో అన్నారు. ఇవి రెండు వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషులు తీసుకున్న నిర్ణయాలే. ఒకదానికొకటి ముడిపెట్టి ఎవరూ ఆలోచించి ఉండరు. కానీ ఆ రెండూ కలిసి పడిన చోట నుంచే ఇవాళ్టి గొడవ వస్తోంది.

ఊరికే ఆపలేదు, నిజమే. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ దగ్గర జార్జిరెడ్డిని చంపేశారు. ఆ తర్వాత పదిహేనేళ్లలో ఉస్మానియాలోనూ, వరంగల్‌లోనూ వామపక్ష విద్యార్థి సంఘాలకూ ఏబీవీపీకీ మధ్య జరిగిన కొట్లాటల్లో రెండు వైపులా ప్రాణాలు పోయాయి. నామినేషన్ల వారం వస్తే హాస్టళ్లలో బయటి మనుషులు దిగేవారని, తల్లిదండ్రులు పిల్లల్ని ఇంటికి పిలిపించుకునేవారని ఆ కాలం లెక్చరర్లు ఇప్పటికీ చెబుతారు. ఆ టెన్షన్ చూసినవాళ్లు ఎన్నికలు వద్దంటే వాళ్లను తప్పుపట్టలేం.

అయితే ఎన్నికలు ఆపితే క్యాంపస్‌లోంచి రాజకీయం పోతుందన్న లెక్క మాత్రం తప్పింది. పార్టీల విద్యార్థి విభాగాలు ఎక్కడికీ పోలేదు. జెండాలున్నాయి, కమిటీలున్నాయి, బంద్ పిలుపులున్నాయి. పోయిందల్లా ఒక్కటే, ఏడాదికోసారి తోటి విద్యార్థుల ముందు నిలబడి ఏం చేశావో చెప్పాల్సిన అవసరం. ఎన్నికలున్నప్పుడు సంఘం ప్రెసిడెంటుకు ఓడిపోతాననే భయం ఉండేది. ఇప్పటి విభాగాల నాయకుడిని నియమించేది పై కమిటీ, అతను జవాబు చెప్పుకోవాల్సిందీ ఆ కమిటీకే.

2009లో ఇది అందరి కళ్లముందే కనిపించింది. నవంబరు 29న కేసీఆర్ దీక్ష మొదలైనప్పటి నుంచి డిసెంబరు 9 రాత్రి చిదంబరం ప్రకటన దాకా ఉస్మానియా క్యాంపస్ ఎలా ఉందో తెలిసిందే. అప్పటికి అక్కడ ఎన్నికల్లేక ఇరవై ఏళ్లు దాటింది. అయినా విద్యార్థి జేఏసీ (ఉమ్మడి కార్యాచరణ కమిటీ) ఏర్పడింది, ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. ఎవరు ఎంతమంది తరఫున మాట్లాడుతున్నారో తేల్చే బ్యాలెట్ లేదు కాబట్టి మైకు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే నాయకులు. ఆ క్యాంపస్ నుంచి వచ్చిన బాల్క సుమన్ 2014లో పెద్దపల్లి ఎంపీ అయ్యారు, గాదరి కిశోర్ తుంగతుర్తి ఎమ్మెల్యే అయ్యారు. అంతకుముందు తరంలో వెంకయ్యనాయుడు 1973-74లో ఆంధ్రా యూనివర్సిటీ కాలేజీల విద్యార్థి సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నికై రాజకీయాల్లోకి వచ్చారు. దారి మూసేశాక కూడా విద్యార్థులు అసెంబ్లీకి, పార్లమెంటుకు వెళ్తూనే ఉన్నారు. మధ్యలో తోటి విద్యార్థుల ఓటు అనే మెట్టు ఒకటి లేకుండా పోయింది.

ఇక్కడ లింగ్డో కమిటీ గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. ఎన్నికలు కావాలనేవాళ్లూ, వద్దనేవాళ్లూ దాని పేరే చెబుతారు, రెండు వైపులా దాన్ని సగమే చదువుతారు.

కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మీదట, కేంద్ర ఎన్నికల ప్రధాన కమిషనర్‌గా పనిచేసిన జేఎం లింగ్డో అధ్యక్షతన ఈ కమిటీ ఏర్పడింది. 2006 మేలో నివేదిక ఇచ్చింది. సెప్టెంబరు 22న కోర్టు దాన్ని అమలు చేయమంది. షరతులు గట్టివే. డిగ్రీ వాళ్లయితే 17 నుంచి 22 ఏళ్ల లోపు ఉండాలి. హాజరు 75 శాతం. బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదు. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. అచ్చు పోస్టర్లు వేయకూడదు, చేత్తో రాసుకున్నవే అంటించాలి. నామినేషన్ల నుంచి ఫలితాల దాకా 10 రోజుల్లో ముగించాలి. ఒకసారి ఆఫీస్ బేరర్‌గా పోటీ చేసినవాళ్లకు మళ్లీ ఆ అవకాశం లేదు. బయటి మనుషులు, డబ్బు, ఏళ్ల తరబడి హాస్టల్లో తిష్ఠవేసే ముదురు విద్యార్థులు, ఇలా 1980లలో మన దగ్గర ఏవేవి చూసి భయపడ్డారో వాటన్నిటికీ ఇందులో ఏదో ఒక షరతు ఉంది.

వద్దనేవాళ్లు పట్టుకునేది మరో మాట. వాతావరణం అనుకూలంగా లేని చోట ఎన్నికలు కాకుండా నామినేషన్ పద్ధతిలో ప్రతినిధులను పెట్టుకోవచ్చని కమిటీ అంది. అక్కడితో చదవడం ఆపేస్తారు. ఆ పద్ధతి కొంతకాలానికేనని, ఐదేళ్లలో ఎన్నికలకు మారాలని అదే కమిటీ చెప్పింది. మార్కులు మాత్రమే చూసి నామినేట్ చేయొద్దని కూడా చెప్పింది. 2006కు ఐదు కలిపితే 2011. తర్వాత మూడేళ్లకు రాష్ట్రమే రెండయింది. అటూ ఇటూ ఎన్ని ప్రభుత్వాలు మారినా ఈ ఫైలు మీద దుమ్ము మాత్రం దులపలేదు.

హైదరాబాద్‌లోనే తార్నాక వైపు ఉస్మానియా, గచ్చిబౌలి వైపు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. మొదటిదాంట్లో ఎన్నికల్లేవు. రెండోదాంట్లో జరుగుతున్నాయి. సెంట్రల్ యూనివర్సిటీలో గొడవలే లేవని ఎవరూ అనరు, అక్కడ జరిగినవన్నీ దేశమంతా చూసింది. కానీ పోలింగ్ రోజున క్యూ కట్టి ఓటేసి, సాయంత్రం లెక్కింపు దగ్గర నిలబడి, ఓడిపోయినవాళ్లు మర్నాడు క్లాసుకు వచ్చే అలవాటు అక్కడి పిల్లలకుంది. రెండు చోట్లా చదివేవాళ్లలో అవే జిల్లాల, అలాంటి ఇళ్ల పిల్లలున్నారు.

ఇక రెండో పాయ, సేవ. ఎన్నికల బదులు చూపిస్తున్నది దీన్నే కాబట్టి దీని సంగతీ చూడాలి. పట్టా చేతికివ్వాలంటే కొంతకాలం సమాజ సేవ చేసి ఉండాలనే ఆలోచన 1958లోనే నెహ్రూ ముఖ్యమంత్రుల ముందు పెట్టారు. 1959లో సీడీ దేశ్‌ముఖ్ కమిటీ తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా నిర్బంధ సేవ ఉండాలంది. ఖర్చుకు భయపడి పక్కన పెట్టారు. వేరే దేశాల్లో ఎలా చేస్తున్నారో చూసి వచ్చిన విద్యావేత్త కేజీ సయ్యిదైన్, బలవంతం వద్దు, ఇష్టమైనవాళ్లతోనే చేయించమన్నారు. ఆ దారిలోనే, గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న ఎన్‌ఎస్‌ఎస్ మొదలైంది. 37 యూనివర్సిటీలు, 40,000 మంది విద్యార్థులు. రెండేళ్లలో 240 గంటల పని, ఒక ఏడు రోజుల క్యాంపు. దత్తత గ్రామంలో స్కూలు వరండాలో పడుకుని, పొద్దున్నే పారలు పట్టుకుని రోడ్డు మీద గుంతలు పూడ్చిన క్యాంపు జ్ఞాపకం ఆ తరంలో చాలామందికి ఇప్పటికీ తీపిగానే ఉంటుంది. అందులో ఇష్టం ఉంది. క్యాంపు నడిపే ప్రోగ్రామ్ ఆఫీసర్ సార్ మంచివాడైతే ఆ వారం రోజులు నాలుగేళ్ల చదువుకంటే ఎక్కువ నేర్పేవి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 డిగ్రీ సిలబస్‌తో ఆ పాత చర్చ తలకిందులైంది. మొదటి సంవత్సరం పరీక్షలయ్యాక సెలవుల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ తప్పనిసరి. 180 గంటలు, 4 క్రెడిట్లు. ఇంటింటికీ తిరిగి సర్వే చేయాలి, అవగాహన కార్యక్రమాలు పెట్టాలి, రిపోర్టు రాయాలి. కాగితం మీద ఇంత మంచి పథకం ఈ మధ్య కాలంలో రాలేదని నా అభిప్రాయం. జనం మధ్యకు పంపడం వరకు ఇది ఎన్‌ఎస్‌ఎస్ కన్నా నయం, ఎందుకంటే వందమందిలో ఏ పదిమందో కాకుండా అందరూ వెళ్తారు.

ఈ కథనం కోసం ఒక లాగ్ బుక్ చూశాను. ఊరి పేరు, కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. బీకాం రెండో సంవత్సరం అమ్మాయిది. నాలుగు గళ్లు: తేదీ, చేసిన పని, నేర్చుకున్నది, ఇన్‌ఛార్జి సంతకం. పద్నాలుగో రోజు గడిలో నీలం సిరాతో ఇలా ఉంది: "మూడో వీధిలో 22 ఇళ్లు. 17 ఇళ్లవాళ్లు మురిక్కాలవ పూడిపోయిందని చెప్పారు." పక్కన, నేర్చుకున్నది అనే గడిలో: "ఓపికగా వినడం." దాని పక్కన సంతకం. ముప్పై రోజులకూ సంతకాలన్నీ ఒకే వాలులో ఉన్నాయి, ఒకే పూట పెట్టినట్టు.

పదిహేడో ఇంటి ఆవిడ ఏమన్నదో ఆ అమ్మాయి నాకు చెప్పింది.

"అన్నీ రాసుకుపోతున్నావు, బానే ఉంది. మరి ఈ కాలవ సంగతి ఎవరికి చెప్తావమ్మా?"

తను వార్డు సచివాలయంలో అర్జీ పెడదామనుకుంది. నలుగురు ఫ్రెండ్స్ సరేనన్నారు. గైడ్‌గా ఉన్న లెక్చరర్‌ని అడిగితే, "మార్కులు రిపోర్టుకేనమ్మా, అర్జీలకు కాదు. లేనిపోని తలనొప్పి ఎందుకు?" అన్నారట. ఆయన్నీ ఏమనలేం. ఒక్కడే అరవైమందికి గైడ్, సంతకాలకే టైం చాలదు. కాలేజీ పేరు మీద అర్జీ వెళ్తే రేపు ఎవరైనా ఫోన్ చేస్తే జవాబు చెప్పాల్సింది ఆయనే. రిపోర్టుకు మాత్రం మంచి మార్కులే వచ్చాయి. స్పైరల్ బైండింగ్ చేసిన ఆ పుస్తకం డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉంది.

ఎన్నికలు కోరుతున్న విద్యార్థుల వాదనంతా ఆ బీరువా దగ్గరే ఉంది. మాతో పని చేయించండి, చేస్తాం. తెలుసుకున్నదాన్ని ఎవరి దగ్గరికైనా మా పేరు మీద తీసుకెళ్లడానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషిని మేం ఎన్నుకోవాలి అంటున్నారు. 21 ఏళ్లు నిండితే ఫైనలియర్ కుర్రాడు సొంత ఊళ్లో సర్పంచ్‌గా నిలబడొచ్చు. గెలిస్తే ఆ మురిక్కాలవకు తీర్మానం చేసే అధికారం ఉంటుంది. అదే కుర్రాడు కాలేజీలో తాగునీటి కూలర్ గురించి మాట్లాడాలంటే క్లాస్ రిప్రజెంటేటివ్‌ని, అంటే సీఆర్‌ని పట్టుకోవాలి, ఆ సీఆర్‌ని పెట్టింది డిపార్ట్‌మెంట్ హెడ్.

ప్రిన్సిపాళ్ల వైపు నుంచి వచ్చే మాటల్లో బరువున్నవి రెండున్నాయి. సెమిస్టర్ పద్ధతిలో ఎన్నికలకు పది రోజులు తీయడం కష్టమన్నది ఒకటి. ఇప్పుడు విద్యార్థుల్లో ఎక్కువమంది ప్రైవేటు కాలేజీల్లో ఉన్నారు, యాజమాన్యాలు ఒప్పుకోవన్నది రెండోది. మొదటిదానికి లింగ్డో నివేదికలోనే దారి ఉంది, విద్యా సంవత్సరం మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాల్లోపే పెట్టేయమంది. రెండోదానికి ప్రభుత్వమే పూనుకోవాలి. రాజస్థాన్‌లాంటి చోట 2023లో ఎన్నికలు ఆపేశారు కదా అని కూడా ఉదాహరణ చూపిస్తున్నారు. అక్కడ ఆపిన తర్వాత క్యాంపస్‌లు ప్రశాంతంగా మారిపోయాయని మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

మొన్న ఆ లాగ్ బుక్ అమ్మాయి కాలేజీకి వెళ్లినప్పుడు కారిడార్‌లో ఓటర్ల నమోదు బల్ల వేసి ఉంది. 2022 నుంచి 17 నిండినవాళ్లు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి. ఫారం 6 నింపే పిల్లలతో క్యూ బాగానే ఉంది. బల్ల వెనక నోటీసు బోర్డు మీద ఈ ఏడాది క్లాస్ రిప్రజెంటేటివ్‌ల జాబితా అంటించారు. పేరు, హాల్‌టికెట్ నంబరు, ఆ పక్కన పోయినేడాది పర్సంటేజీ. అడుగున ప్రిన్సిపాల్ సంతకం.